పెన్షన్ డబ్బులతో మెకాంగ్ వెంట

1వ రోజు, హువై సాయ్

మా ఆయన ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. నేను ప్రైవేటు స్కూళ్ళలో పాఠాలు చెప్పాను, నాకు పెన్షన్ లేదు. ఆయన పెన్షన్‌కు అమలాపురంలో పై వాటా అద్దె కలిపి, మందులకూ ఇన్సూరెన్సుకూ పక్కన పెడితే, నెలకు 55 వేలు మిగులుతుంది. ఇద్దరం ఆ డబ్బుతోనే గడపాలి, అమలాపురంలో ఉన్నా లావోస్‌లో ఉన్నా. కిందటేడు శ్రీలంకతో మొదలుపెట్టి, థాయ్‌లాండ్‌లో కొన్నాళ్ళుండి, ఈ రోజు లావోస్‌లోకి వచ్చాం. విమానం టికెట్లు ఈ లెక్కలోకి రావు, వాటికి వేరే డిపాజిట్ ఉంది. ముందే చెప్పకపోతే "అన్నీ కలిపి అంతేనా!" అనేవాళ్ళు ఉంటారు.

థాయ్‌లాండ్ ఒడ్డున చియాంగ్ ఖోంగ్, ఇటు ఒడ్డున హువై సాయ్. మధ్యలో మెకాంగ్. 2013 డిసెంబరులో ఇక్కడ వంతెన తెరిచారు. దాని మీద నడవనివ్వరు, బస్సు టికెట్ కొనుక్కుని ఎక్కాల్సిందే. అవతల దిగాక ఫోటో, ఫారం, డాలర్లు ఇస్తే అక్కడికక్కడే వీసా. మడతపడిన నోట్లు తీసుకోరని విని, మా ఆయన డాలర్లను బ్యాంకు పాస్‌బుక్ మధ్యలో పెట్టి తెచ్చారు.

ముప్పై రోజుల వీసాకు మనిషికి 40 డాలర్లు. వారం తిరిగి వెళ్ళిపోతే ఒక్కొక్కరికి రోజుకు దాదాపు 500 రూపాయలు వీసాకే పోతుంది. ముప్పై రోజులూ ఉంటే 115. మన పాస్‌పోర్టుతో తిరిగేవాళ్ళకు ఈ లెక్క చాలా ముఖ్యం. యూరప్ వాళ్ళు సగం దేశాలకు వీసా లేకుండా వెళ్తారు, నచ్చకపోతే మర్నాడే ఇంకో దేశానికి పోతారు. మనం డబ్బు కట్టి లోపలికి వచ్చాం కాబట్టి ఆఖరి రోజు దాకా కూర్చోవాలి. గదీ తిండీ ఈ వైపు ఎక్కడైనా చవకే. సంచీ భుజానికి ఎత్తుకున్న రోజే డబ్బు పోతుంది.

2వ రోజు, పడవలో

హువై సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు పడవలో రెండు రోజుల ప్రయాణం. టికెట్ మనిషికి 4 లక్షల కిప్‌ల దగ్గర్లో. ఒక రూపాయికి 250 కిప్‌లు, అంటే 1,600 పైమాట. బస్సు ఇంతకంటే చవక, కానీ కొండదారి, రాత్రి ప్రయాణం. నడుం నొప్పికి మందులు కొనే ఖర్చు కలిపితే పడవే నయమని నేను, నది కాబట్టి పడవేనని ఆయన.

పొడవాటి చెక్క పడవ. పాత వ్యానుల నుంచి పీకిన సీట్లు వరసగా వేశారు, కొన్నిటికి బిగింపు కూడా లేదు. వెనక ఇంజను, దాని పక్కన పడవవాళ్ళ కాపురం. పొయ్యి, దోమతెర, గోడకు పిల్లల ఫోటోలు. ఇంజనుకు దగ్గర కూర్చుంటే మాటలు వినపడవు. ముందు సీట్లన్నీ పొద్దున్నే వచ్చిన కుర్రాళ్ళు ఆక్రమించారు. మాకు మధ్యలో దొరికాయి.

పాపికొండల్లో లాంచీ ఎక్కినవాళ్ళకు ఈ దారి పరాయిగా అనిపించదు. రెండు పక్కలా అడవి, నీళ్ళలోకి దిగిన కొండలు, ఇసుక మేటల మీద వేరుశనగ చేలు, గేదెలు. తేడా ఏమిటంటే ఇక్కడ నీళ్ళ అడుగున రాళ్ళెక్కువ. ఎండాకాలం దగ్గరపడి నీరు తగ్గేసరికి రాళ్ళు బయటపడతాయి, వాటి మధ్య సరంగు పడవను పాములా మెలికలు తిప్పుతాడు. ఊరు పేరు రాసిన బోర్డు ఉండదు, రేవు ఉండదు. ఇసుకలో నలుగురు నిలబడి చెయ్యెత్తితే పడవ ముక్కు అటు తిరుగుతుంది. బియ్యం మూట, కోళ్ళ గంప, మోటారు సైకిలు ఎక్కిస్తారు, మళ్ళీ సాగిపోతుంది.

పడవలో నూడుల్స్, బీరు అమ్ముతారు, రేటు రెట్టింపు. మేం పొద్దున కుక్కర్‌లో పులిహోర చేసి తెచ్చుకున్నాం. పక్క సీటు జర్మన్ అమ్మాయికి కొంచెం పెడితే మిరపకాయ కొరికి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ పెట్టించుకుంది.

సాయంత్రం పాక్ బెంగ్. పడవ ప్రయాణికుల కోసమే బతికే ఊరు, ఒకే వీధి, వీధి నిండా గెస్ట్‌హౌస్‌లు. రేవులోనే మనుషులు ఫోటోలు చూపిస్తూ చుట్టుముడతారు. వాళ్ళను దాటి గట్టెక్కి పైకి నడిస్తే అదే గది ధర తగ్గుతుంది. 600 రూపాయలకు వేడినీళ్ళున్న గది దొరికింది.

3వ రోజు, ఇంకా పడవలోనే

మధ్యాహ్నం దాటాక నదిలో క్రేన్లు, కాంక్రీటు గోడలు కనపడ్డాయి. లువాంగ్ ప్రబాంగ్ డ్యామ్. ఊరికి పాతిక కిలోమీటర్ల ఎగువన కడుతున్నారు, 1,460 మెగావాట్లు. దిగువన సయాబురి డ్యామ్ 2019 నుంచే పనిచేస్తోంది, అది 1,285. రెండింటి కరెంటూ ఎక్కువగా థాయ్‌లాండ్ కోసమే. మా ఆయన లేచి పడవ అంచు పట్టుకుని నిలబడ్డారు. జీవితమంతా గట్లూ తూములూ చూసిన మనిషి. వరదనీరు పోయే స్పిల్‌వే ఎటు, పడవలు దాటే లాక్ ఎటు అని నాకు చూపిస్తూ చాలాసేపు చెప్పారు. తర్వాత పడవలో పనిచేసే కుర్రాణ్ణి, నీళ్ళు నిలబెడితే ఎన్ని ఊళ్ళు లేపుతారని సైగలతో అడిగారు. కుర్రాడికి అర్థమైందో లేదో, మేం వచ్చిన వైపు చెయ్యి పొడుగ్గా చాపాడు. పోలవరం ముంపు ఊళ్ళలో ఆయన సర్వే చేసిన రోజులు నాకు తెలుసు. ఆయన ఇంకేమీ అడగలేదు.

పాక్ ఊ గుహల ముందు నుంచి వచ్చాం. సున్నపురాతి కొండలో భక్తులు తరతరాలుగా తెచ్చిపెట్టిన బుద్ధ విగ్రహాలు వేలల్లో ఉంటాయి. మన పడవ ఆగదు, దూరం నుంచి మెట్లే కనిపిస్తాయి.

పడవ ఊళ్ళో ఆగదు. పది కిలోమీటర్ల ముందే దింపుతుంది. అక్కడి నుంచి టుక్‌టుక్‌కు మనిషికింత అని రేటు కట్టి ఉంది, బేరం లేదు.

4 నుంచి 14వ రోజు వరకు, లువాంగ్ ప్రబాంగ్

మెకాంగ్, నామ్ ఖాన్ కలిసే చోట నాలుకలా పొడుచుకొచ్చిన ఊరు. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అప్పటి నుంచి ఆ నాలుక మీద గది ధరలు మనలాంటి వాళ్ళవి కావు. నామ్ ఖాన్ అవతలి ఒడ్డుకు వెళ్తే సగానికి పడిపోతాయి. నీరు తగ్గిన నెలల్లో నది మీద వెదురు వంతెన కడతారు, వానలు రాగానే తీసేస్తారు. దాటడానికి కొద్దిగా రుసుం. మా గెస్ట్‌హౌస్ యజమానురాలిని మొదట ఒక రాత్రి ధర అడిగి, తర్వాత పన్నెండు రాత్రులకు అడిగాం. రోజుకు 600కు దిగింది. వెనక వరండాలో కుక్కర్ పెట్టుకోవచ్చా అంటే, తన వంటింటికే తీసుకెళ్ళి పొయ్యి చూపించింది.

ఇక్కడ రోజులు ఒకేలా గడిచాయి, అందుకే విడివిడిగా రాయడం లేదు. పొద్దున సంత. లేత వంకాయలు, అరటిపువ్వు, బొబ్బర్లు, చింతపండు, కట్టలు కట్టలుగా సోయకూర. ఎలకలు, కప్పలు, తేనెతుట్టె ముక్కలు కూడా అక్కడే అమ్ముతారు. నేను శాకాహారిని. ఇక్కడ కూరలన్నిటిలో చేపల ఊట పడుతుంది, 'వద్దు' అన్నా అలవాటుగా చెయ్యి అటే పోతుంది. అందుకని పగలు నా వంట నాది. మా ఆయన బయట తింటారు: పొడవాటి ఫ్రెంచి రొట్టె మధ్యలో గుడ్డు, కొత్తిమీర పెట్టింది, లేకపోతే వెదురు బుట్టలో జిగురన్నం, బొప్పాయి కాయ దంచిన పచ్చడి. కొబ్బరిపాలు పోసి వెదురు బొంగులో కాల్చిన జిగురన్నం మాత్రం ఇద్దరికీ ఇష్టమే. ఇద్దరి తిండికీ రోజుకు 500 దాటలేదు.

బిగ్ బ్రదర్ మౌస్ అనే సంస్థ ఇక్కడ లావో భాషలో పిల్లల పుస్తకాలు వేస్తుంది. అక్కడికి ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకోవాలని కుర్రాళ్ళు వస్తారు, యాత్రికులు వెళ్ళి వాళ్ళతో కబుర్లు చెప్పొచ్చు. టికెట్ లేదు. నేను దాదాపు రోజూ వెళ్ళాను. కాషాయం కట్టిన చిన్న సాధువొకడు, పదహారేళ్ళుంటాయి, 'మీ దేశంలోనే బౌద్ధం పుట్టింది కదా, మరి బౌద్ధులెందుకు తక్కువ' అని అడిగాడు. ముప్పై ఏళ్ళు క్లాసులో నిలబడ్డాను, ఆ ప్రశ్నకు జవాబు రెండు సాయంత్రాలు పట్టింది. అమరావతి, నాగార్జునకొండ ఫోన్‌లో చూపించాను. వాడు స్తూపం చుట్టూ ఉన్న కమలాలను వేళ్ళతో పెద్దవి చేసి చూశాడు.

తెల్లవారుజామున సాధువులు వరసగా భిక్షకు వస్తారు. గడపల ముందు మోకాళ్ళ మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్క గిన్నెలో చిటికెడు జిగురన్నం వేస్తారు. ప్రధాన వీధిలో యాత్రికుల ఫ్లాష్‌లు, అన్నం బుట్టలు అమ్మేవాళ్ళ కేకలు ఎక్కువ. మా ఒడ్డున అదేం లేదు. గెస్ట్‌హౌస్ ఆవిడ, ఆమె అత్తగారు, పక్కింటివాళ్ళు, అంతే. మేం వరండాలో చెప్పులు విడిచి నిలబడేవాళ్ళం.

సియెంగ్ థాంగ్ గుడి 1560 నాటిది, కట్టించింది సెత్తాథిరత్ రాజు. కప్పు మూడు అంతస్తులుగా నేల దాకా వంగి ఉంటుంది. లావో రామాయణం కూడా ఈ ఊళ్ళో ఆడతారు. పాత రాజభవనం ఆవరణలో నాటకశాల ఉంది, టికెట్ ధర చూసి నేను వెనక్కి తగ్గబోతే ఆయనే కొన్నారు. వాళ్ళ కథలో రాముడు బుద్ధుడి పూర్వజన్మ. కథ మెకాంగ్ లోయలోనే జరుగుతుంది. హనుమంతుడు ముసుగు పెట్టుకుని వచ్చి పిల్లిమొగ్గలు వేస్తుంటే మా ఆయన ఈల వేశారు. ముందు వరసలో అందరూ తిరిగి చూశారు.

చైనా కొత్త సంవత్సరం వచ్చి ఊరు కిక్కిరిసింది. రైలు టికెట్లు దొరకలేదు. వేరే వాళ్ళయితే టెన్షన్ పడాల్సిన విషయమే, మాకు వీసా ముప్పై రోజులుంది.

15వ రోజు, రైలు

బోటెన్ నుంచి వియంటియాన్ దాకా 422 కిలోమీటర్ల రైలుమార్గం, చైనా కట్టింది, 2021 డిసెంబరులో మొదలైంది. లువాంగ్ ప్రబాంగ్ నుంచి వియంటియాన్‌కు కొండల్లో బస్సులో రోజంతా పట్టే దారి ఇప్పుడు రెండు గంటలు. సగం సొరంగాలే. స్టేషన్ ఊరికి దూరం, లోపలికి వెళ్ళేటప్పుడు విమానాశ్రయంలా తనిఖీ. చాకులు, స్ప్రేలు తీసేసుకుంటారని తెలిసి, కూరగాయలు తరిగే చాకు గెస్ట్‌హౌస్ ఆవిడకు ఇచ్చి వచ్చాను. కుక్కర్‌ను మాత్రం యంత్రంలో రెండుసార్లు తిప్పి, మూత తెరిపించి, చివరికి నవ్వి వదిలేశారు.

ఇద్దరికీ టికెట్లు 2,800. అటు స్టేషన్‌కు, ఇటు వియంటియాన్‌లో ఊళ్ళోకి టుక్‌టుక్‌లు కలిపితే మా వారం తిండి ఖర్చు.

16, 17, 18, వియంటియాన్

రాజధాని అన్నమాటే గానీ తొందర లేని ఊరు. గది 800. విజయ తోరణం చూశాం, అమెరికా రన్‌వే కోసమని ఇచ్చిన సిమెంటుతో కట్టారని చెప్పుకుంటారు. నది ఒడ్డున సాయంత్రం ఏరోబిక్స్ చేసే ఆడవాళ్ళతో నేనూ కాసేపు చేతులు ఊపాను.

కోప్ కేంద్రానికి మాత్రం ఒక పూట పట్టింది. కృత్రిమ కాళ్ళు, చేతులు తయారుచేసే సంస్థ. 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు ఈ దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశాయి. వాటిలో క్లస్టర్ బాంబుల లోపల ఉండే చిన్న గుండ్లు 27 కోట్లు, సుమారు మూడో వంతు పేలకుండా మట్టిలో ఉండిపోయాయి. ఇప్పటికీ పలుగు తగిలి, చలిమంట వేడి తగిలి పేలుతున్నాయి. ఇంట్లో చేసుకున్న కాళ్ళను వరసగా పెట్టారు. వెదురుది, చెక్కది, అల్యూమినియం రేకుది. లువాంగ్ ప్రబాంగ్ రాత్రి బజారులో బాంబుల లోహంతో చేసిన గాజులు అమ్ముతుంటే నేను బేరమాడాను. చవగ్గానే ఇచ్చింది.

18వ రోజు రాత్రి, చంపాసక్‌కు దారిలో ఉన్న పాక్సేకు స్లీపర్ బస్సు. ఒక్కో బెర్తు ఇద్దరికి. ఒంటరిగా వచ్చినవాళ్ళు ముక్కూముఖం తెలియని మనిషి పక్కన పడుకోవాల్సిందే. 'పెళ్ళి చేసుకున్నందుకు ఇన్నాళ్ళకు ఒక లాభం కనపడిందండి' అన్నాను. ఆయన అప్పటికే గురక. బస్సు ఎక్కిన రోజు గది అద్దె ఉండదు, కాబట్టి టికెట్ ఖర్చులో ఆ మేరకు తగ్గించి రాయాలని ఆయన వాదన. నేను రాయనివ్వను.

19 నుంచి 24వ రోజు వరకు, చంపాసక్

మాఘ పౌర్ణమికి ఇక్కడ ఉండాలని బయల్దేరిన రోజే అనుకున్నాం. వాట్ ఫూ గుడి తీర్థం ఆ పౌర్ణమికే. నదికి సమాంతరంగా ఒకే రోడ్డున్న ఊరు చంపాసక్, గుడి అక్కడికి కొన్ని కిలోమీటర్లు. సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం.

కొండ శిఖరం మీద సహజంగా నిలబడిన రాయి ఉంది. పాత శాసనాల కాలంలో ఈ కొండ లింగపర్వతం. కింద గుడి కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజుల కాలపు శివాలయం, ఇప్పుడున్న కట్టడాలు ఎక్కువగా 11 నుంచి 13వ శతాబ్దం వరకు కట్టినవి, కానీ ఇక్కడి పూజ అంతకంటే చాలా పాతది. 2001లో యునెస్కో గుర్తించింది. మన పురావస్తు శాఖవాళ్ళు కూడా ఇక్కడ మరమ్మతులు చేస్తున్నారు, బోర్డు మీద మూడు సింహాలు చూసి ఆయన ఫోటో తీసుకున్నారు.

కిందనుంచి పైకి ఎక్కే రాతిమెట్లకు రెండు పక్కలా దేవగన్నేరు చెట్లు. లావో వాళ్ళ జాతీయ పుష్పం అదే, వాళ్ళు చంపా అంటారు. మెట్లు ఏటవాలుగా, అరిగిపోయి ఉన్నాయి, పైకి వెళ్ళేసరికి నా మోకాళ్ళు లేవు. గర్భగుడిలో ఇప్పుడు బుద్ధుడు. వెనక బండ మీద త్రిమూర్తులు చెక్కారు. కానీ మా ఆయన అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు, గుడి వెనక కొండచరియలోంచి ఊరే ఊట దగ్గరికి పోయారు. ఆ ఊట నీటిని రాతికాలువలో గర్భగుడిలోకి తెచ్చి, లింగం మీద ఆగకుండా పడేలా పెట్టారట. ఎత్తు ఎంత, వాలు ఎంత అని చేతి కర్రతో కొలుచుకున్నారు. 'మనిషి అవసరం లేని అభిషేకం. తూము మూసేవాడూ అక్కర్లేదు, తెరిచేవాడూ అక్కర్లేదు' అన్నారు. కింద మైదానంలో రెండు పెద్ద చెరువులు. వాటి గట్లు చూడటానికి మర్నాడు ఒక్కరే సైకిలేసుకుని మళ్ళీ వెళ్ళారు.

తీర్థం రోజుల్లో గది ధర కొంచెం పెంచారు. మేం ముందే వచ్చి ఉన్నాం కాబట్టి పాత ధరే సాగింది. గుడి బయట పొలాల్లో దుకాణాలు, రంగులరాట్నం, బీరు స్టాళ్ళు, ఒకదాన్ని మించి ఒకటి మోగే స్పీకర్లు. వీటి మధ్యలోంచే జనం పూలదొప్పలు పట్టుకుని మెట్లెక్కుతున్నారు. పౌర్ణమి పొద్దున వందల మంది సాధువులకు భిక్ష. రాత్రి కొవ్వొత్తులతో ప్రదక్షిణ. నా చేతిలో కొవ్వొత్తి లేదని గమనించి ఒక ముసలావిడ తన దానిని విరిచి సగం ఇచ్చింది. అమలాపురంలో ఇదే పౌర్ణమికి మా అత్తగారు సముద్రస్నానానికి అంతర్వేది వెళ్ళేవారు.

25 నుంచి 29వ రోజు వరకు, డాన్ డెట్

మెకాంగ్ ఇక్కడ చీలికలు పేలికలై వేల లంకలను చుట్టుకుంటుంది. కోనసీమ నుంచి వచ్చి మళ్ళీ లంకల్లోనే పడ్డాం. 400 రూపాయలకు నది అంచున చెక్కగది, వరండాలో రెండు ఉయ్యాలలు. పక్క లంక డాన్ ఖోన్‌కు వంతెన ఉంది, అది ఫ్రెంచివాళ్ళ రైలుది. జలపాతాల వల్ల పడవలు పైకి రాలేక, పడవ సామాను మోయడానికి 19వ శతాబ్దం చివర్లో లంకల మీద చిన్న రైలు వేశారు. దాని ఇంజను తుప్పుపట్టి ఒక షెడ్డు కింద ఉంది. మెకాంగ్ మీదుగా చైనాకు స్టీమర్లు నడపాలన్న వాళ్ళ ఆశ ఇక్కడి రాళ్ళ దగ్గరే ఆగిపోయింది. డాల్ఫిన్ బొమ్మలున్న పాత బోర్డులు ఇంకా కనిపిస్తాయి, కానీ ఈ వైపు మడుగులో మిగిలిన ఆఖరి డాల్ఫిన్ 2022లో చనిపోయింది.

మిగతా రోజులు బట్టలు ఉతుక్కోవడం, నిద్ర.

30వ రోజు, సరిహద్దు

వీసా ఆఖరి రోజు. కంబోడియా వైపు బస్సులో ఆయన డైరీ తీసి మొత్తం కట్టారు: 52 వేల పైచిలుకు. అందులో వీసాలు, పడవ, రైలు, బస్సులు, టుక్‌టుక్‌లు కలిపి 20 వేలకు దగ్గర. బస్సు రాత్రి పోగా ఇరవై ఎనిమిది రాత్రుల గదులన్నీ కలిపినా 18 వేలు దాటలేదు. మిగిలింది కంబోడియా వీసాలకే చాలదు, మనిషికి 30 డాలర్లు.

'సియెం రీప్ దగ్గరి ఆంకోర్ గుళ్ళకు ఒక్కరోజు టికెట్ 37 డాలర్లట. ఏడు రోజులది 72, నెల లోపల ఎప్పుడైనా ఏడు రోజులు చూసుకోవచ్చట. ఏం చేద్దామండి?' అన్నాను.

ఆయన కొత్త పేజీ తిప్పి పైన 144 అని రాశారు. దాని కింద, 'సియెం రీప్, నెల గది?' అని రాసి పెన్ను జేబులో పెట్టుకున్నారు.